పాత ప్లేయర్‌లో రాక్‌బాక్స్: మీ ప్రశ్నలకు జవాబులు

కిందటి సంచికలో పాత ఐపాడ్‌లు, శాన్సా క్లిప్‌లు వంటి పాటల ప్లేయర్లలో వేసుకునే రాక్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ గురించి నాలుగు ముక్కలు రాశాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఎక్కువమంది అడిగినవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఇది వేస్తే ప్లేయర్ పాడైపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. అసలు దీన్ని ఎవరు తయారు చేశారు? నమ్మవచ్చా? (కాకినాడ)

ప్లేయర్ లోపల ఉండి మెనూలు చూపించేదీ, పాట ఫైలును విప్పి చెవికి అందించేదీ ఫర్మ్‌వేర్. కంపెనీ పెట్టిన ఫర్మ్‌వేర్‌కు బదులు మనం వేసుకునేది రాక్‌బాక్స్. 2001 చివర్లో స్వీడన్‌లో బ్యోర్న్ స్టెన్‌బెర్గ్, డేనియల్ స్టెన్‌బెర్గ్ అనే అన్నదమ్ములు, వాళ్ల మిత్రుడు లీనస్ నీల్సన్ ఫెల్ట్‌సింగ్ కలిసి దీన్ని మొదలుపెట్టారు. అప్పట్లో ఆర్కోస్ జ్యూక్‌బాక్స్ అనే ప్లేయర్ కోసం రాశారు. ఈ డేనియలే ఇంటర్నెట్ నుంచి డేటా తెచ్చిపెట్టే కర్ల్ అనే ప్రోగ్రామ్ రాసినాయన. మీ ఫోన్‌లో కూడా అది ఎక్కడో ఒకచోట పనిచేస్తూనే ఉంటుంది. రాక్‌బాక్స్ కోడ్ అంతా జీపీఎల్ లైసెన్సు కింద బహిరంగంగా ఉంది. ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు. మొదలై ఇరవై ఏళ్లు దాటినా పని ఆగలేదు. 4.0 వెర్షన్ 2025లో వచ్చింది.

పాడవడం సంగతి. పాత ఫర్మ్‌వేర్ ఎక్కడికీ పోదు, రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఐపాడ్ వీడియో అనే మోడల్‌ను ఆన్ చేస్తూనే హోల్డ్ స్విచ్ (బటన్లకు తాళం వేసేది) వేస్తే యాపిల్ మెనూ వస్తుంది. క్లిప్ ప్లస్‌లో ఎడమ బటన్ నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే కంపెనీ మెనూ వస్తుంది. ఎక్కడైనా బిగుసుకుపోతే ఐపాడ్‌లో మెనూ బటన్, మధ్య బటన్ కలిపి నొక్కి పట్టుకోండి. క్లిప్‌లో పవర్ బటన్‌ను ఇరవై సెకన్ల దాకా వదలకండి. మళ్లీ మొదటినుంచి ఆన్ అవుతుంది.

జాగ్రత్తలు కొన్నే. బ్యాటరీ నిండా ఉండాలి. రాక్‌బాక్స్‌ను ప్లేయర్‌లో వేసే కంప్యూటర్ ప్రోగ్రామ్ రాక్‌బాక్స్ యుటిలిటీ, అందులో మీ మోడల్‌నే ఎంచుకోవాలి. పని జరుగుతుండగా కేబుల్ లాగకూడదు. మ్యాక్ కంప్యూటర్‌తో ఫార్మాట్ చేసిన ఐపాడ్ అయితే ముందు దాన్ని ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లోకి మార్చుకోవాలి. అందులో పాటలు తుడిచిపెట్టుకుపోతాయి కాబట్టి ముందే కాపీ తీసి పెట్టుకోండి.

ఐపాడ్‌లో పాటలన్నీ అర్థంకాని నాలుగు అక్షరాల పేర్లతో కనిపిస్తున్నాయి. ఏమైంది? (వరంగల్)

ఏమీ కాలేదండీ. ఐపాడ్‌లో పాటలు వేసే యాపిల్ ప్రోగ్రామ్ ఐట్యూన్స్ పాటలను దాచే పద్ధతే అది. ఎఫ్00, ఎఫ్01 అని ఫోల్డర్లు చేసి, ఫైళ్లకు తనకు తోచిన పేర్లు పెట్టేస్తుంది. రాక్‌బాక్స్ ఫైల్స్ మెనూ ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది గనుక మీకు అలా కనబడింది. మెయిన్ మెనూలో డేటాబేస్‌లోకి వెళ్లి, ఒకసారి దాన్ని తయారు చేయించండి. పాటల లోపల రాసి ఉండే వివరాలు (ట్యాగులు) చదివి గాయకులు, ఆల్బమ్‌ల వారీగా పేర్చిపెడుతుంది.

ఇకముందు మాత్రం ఐట్యూన్స్ జోలికి పోకుండా, మీరే ఫోల్డర్లు పెట్టుకుని పెన్‌డ్రైవ్‌లో వేసినట్టు వేసుకోండి. నా ప్లేయర్‌లో ఘంటసాల అని ఒక ఫోల్డర్, అందులో పద్యాలు వేరు, సినిమా పాటలు వేరు. ఎవరి పద్ధతి వాళ్లది. ఒక్కటి గుర్తుంచుకోండి, అలా వేసిన పాటలు యాపిల్ మెనూలో కనబడవు.

పాటల పేర్లు తెలుగులో పెట్టుకుంటే సరిగ్గా రావడం లేదు. (నెల్లూరు)

రావు. ఫాంట్ మార్చినా అక్షరాలు విడివిడిగా కనబడతాయి తప్ప గుణింతాలు, ఒత్తులు వాటి చోట కూర్చునే ఏర్పాటు రాక్‌బాక్స్‌లో లేదు. అరబిక్, హీబ్రూలకు ఆ పని చేశారు, మన లిపులకు ఇంకా ఎవరూ చేయలేదు. కోడ్ రాయగల తెలుగు పిల్లలు ఇంతమంది ఉన్నారు. ఎవరైనా పూనుకుంటే తెలుగుతో పాటు కన్నడ, తమిళ, మలయాళ శ్రోతలకూ మేలు జరుగుతుంది. అది నా గట్టి కోరిక. అప్పటిదాకా పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోక తప్పదు.

నేను కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను. మా గురువుగారి రికార్డింగులు ఐదున్నర శృతిలో ఉన్నాయి. నాది నాలుగున్నర. ప్లేయర్‌లో శృతి తగ్గించుకోవచ్చా? (తెనాలి)

తగ్గించుకోవచ్చమ్మా. రాక్‌బాక్స్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సదుపాయం ఇదే. ముందు సౌండ్ సెట్టింగ్స్‌లో టైమ్‌స్ట్రెచ్ ఆన్ చేసి, ప్లేయర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేయండి. పాట వస్తుండగా మధ్య బటన్ నొక్కి పట్టుకుంటే ఒక మెనూ వస్తుంది. అందులో పిచ్ ఎంచుకోండి. సెమీటోన్ల లెక్కలో మార్చుకునే వీలుంది. సెమీటోన్ అంటే హార్మోనియం మీద ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకు, నల్లదైనా తెల్లదైనా సరే. ఐదున్నర నుంచి ఐదు ఒకటి, ఐదు నుంచి నాలుగున్నర ఇంకొకటి. అంటే మీరు రెండు తగ్గించాలి.

టైమ్‌స్ట్రెచ్ ఆన్ చేయకుండా శృతి తగ్గిస్తే పాట కూడా నెమ్మదిస్తుంది, పాత టేప్ రికార్డర్‌లో బెల్టు సాగినట్టు. ఆన్ చేస్తే శృతి వేరు, వేగం వేరు. అందుకని రెండో ఉపయోగం కూడా ఉంది. కష్టమైన సంగతి (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరు) ఉన్నచోట శృతి కదపకుండా వేగం ఒక్కటే నూటికి ఎనభైకి తగ్గించి వినండి. గమకం ఏ స్వరం నుంచి బయలుదేరి ఎక్కడ ఆగిందో చెవికి తెలుస్తుంది. మరీ తగ్గించకండి. సగానికి దించితే గొంతు పగిలినట్టు వస్తుంది, గమకం రూపు మారిపోతుంది. అలా విని నేర్చుకుంటే తప్పు పాఠం వంటపడుతుంది. సాధన మాత్రం తంబూరాతోనే చేయండి, ప్లేయర్ వెంట పాడకండి.

కచేరీ రికార్డింగులో రాగం అయ్యి తానం మొదలయ్యేచోట చిన్న తెంపు వస్తోంది. (చెన్నై)

ఎంపీ3 తయారయ్యేటప్పుడు ఫైలు ముందూ వెనకా కాస్త నిశ్శబ్దం చేరుతుంది. ఎంపీ3లు తయారుచేసే లేమ్ అనే ప్రోగ్రామ్ ఆ నిశ్శబ్దం ఎంతో ఫైలులోనే రాసిపెడుతుంది, రాక్‌బాక్స్ అది చదివి కత్తిరిస్తుంది. మీ ఫైళ్లు వేరే దాంతో చేసినవై ఉంటాయి. సీడీలు మీ దగ్గరే ఉంటే నాణ్యత తగ్గని ఫ్లాక్ అనే ఫార్మాట్‌లో మళ్లీ తీసుకోండి, ఈ బాధే ఉండదు. ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో కలిపే క్రాస్‌ఫేడ్ ఆన్‌లో ఉందేమో కూడా చూసి తీసేయండి.

పాత పాట వినబడక సౌండ్ పెంచితే, తర్వాత కొత్త పాట చెవులు బద్దలు కొడుతోంది. (గుంటూరు)

రీప్లేగెయిన్ వాడండి. కంప్యూటర్‌లో ఫూబార్2000 లాంటి ప్రోగ్రామ్‌తో పాటలన్నీ ఒకసారి కొలిపిస్తే, ఒక్కోదాన్ని ఎంత పెంచాలో తగ్గించాలో ట్యాగులో రాస్తుంది. పాట చెక్కుచెదరదు. తర్వాత రాక్‌బాక్స్ ప్లేబ్యాక్ సెట్టింగ్స్‌లో రీప్లేగెయిన్ ఆన్ చేసుకోవాలి.

మా నాన్నగారికి చూపు పోయింది. ప్రవచనాలంటే ప్రాణం. టచ్ ఫోన్ ఆయనకు కుదరడం లేదు. ఇది పనికొస్తుందా? (అనంతపురం)

తప్పకుండా పనికొస్తుంది. చేతికి తగిలే బటన్లున్న క్లిప్ ప్లస్ లాంటిది చూడండి. యుటిలిటీలో వాయిస్ ఫైలు కూడా టిక్ పెట్టి వేస్తే మెనూలన్నీ పైకి చదువుతుంది. ఇంగ్లిష్‌లో చదువుతుంది గానీ నాన్నగారు వాడే మెనూలు రెండో మూడో, అవి అలవాటవుతాయి. ఫోల్డర్ల పేర్లకు కూడా టాక్ ఫైళ్లు అని విడిగా చేసుకోవచ్చు, ఆ పనీ యుటిలిటీయే చేస్తుంది. దానికి గొంతుగా, రాసినదాన్ని పైకి చదివే ఈస్పీక్ అనే ప్రోగ్రామ్‌ను పెట్టుకోండి, దానికి తెలుగు చదవడం వచ్చు. యంత్రం గొంతే అయినా "భాగవతం", "సుందరకాండ" అని అంటే ఆయనకు తెలిసిపోతుంది. తెరతో ఆయనకు పని లేదు కాబట్టి ఈ ఒక్క సందర్భంలో ఫోల్డర్ల పేర్లు తెలుగు లిపిలోనే పెట్టండి.

ముఖ్యమైనది ఇంకొకటి. సెట్టింగ్స్‌లో బుక్‌మార్క్‌ను ఆపినప్పుడల్లా పడేలా పెట్టండి. గంటన్నర ప్రవచనం మధ్యలో ఆపి నిద్రపోయినా, మర్నాడు ఆపినచోటి నుంచే వింటారు. ఎవరినీ పిలవాల్సిన పని ఉండదు. మొదటి వారం మీరు పక్కనే కూర్చుని బటన్లు పట్టి చూపించండి.

64 జీబీ కార్డు వేస్తే క్లిప్ ప్లస్ గుర్తించడం లేదు. (కరీంనగర్)

ఆ సైజు కార్డులు ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి. ఫ్యాట్32లోకి ఫార్మాట్ చేయండి. విండోస్ మామూలు ఫార్మాట్ మెనూలో 32 జీబీ దాటిన కార్డుకు ఆ అవకాశం కనబడకపోతే రూఫస్ లాంటి ప్రోగ్రామ్ వాడండి.

బ్లూటూత్ ఉందా? (హైదరాబాద్)

లేదు. హెడ్‌ఫోన్ రంధ్రానికి తగిలించే చిన్న బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్లు దొరుకుతాయి.

సెకండ్ హ్యాండ్‌లో ఏది కొనమంటారు? (డాలస్)

జేబులో వేసుకోవడానికి శాన్సా క్లిప్ ప్లస్ లేదా క్లిప్ జిప్. పేరు చూసి క్లిప్ జామ్, క్లిప్ స్పోర్ట్ కొనేయకండి, వాటిలో రాక్‌బాక్స్ నడవదు. పాటలు వేలల్లో ఉంటే ఐపాడ్ వీడియో లేదా క్లాసిక్. వీడియోలో 30 జీబీ మోడల్‌కు 32 ఎంబీ ర్యామ్, 60, 80 జీబీ మోడళ్లకు 64 ఎంబీ. పెద్ద డేటాబేస్‌కు రెండోవే హాయి. ఐపాడ్ టచ్, షఫుల్ వద్దు. డబ్బు ఇచ్చేముందు మీ హెడ్‌ఫోన్ పెట్టి రెండు చెవుల్లోనూ పాట వస్తోందో లేదో వినండి, హోల్డ్ స్విచ్ అటూ ఇటూ జరిపి చూడండి. ప్లేయర్‌ను బల్లమీద వెల్లకిలా పెట్టినప్పుడు ఊగుతోంటే లోపల బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. అలాంటిది ఎంత చవకగా ఇస్తానన్నా తీసుకోకండి.