అత్తగారు పది రోజుల్లో మారిపోయారంటే నర్స్‌ని వెతికే ముందు ఇవి చూడండి

మీరు అడిగింది ఇదీ కదండీ. అత్తగారికి 76, డిమెన్షియా అని డాక్టర్ చెప్పి రెండేళ్లు, ఇన్నాళ్లూ మతిమరుపు తప్ప పెద్ద ఇబ్బంది లేదు. ఒక పది రోజుల నుంచి రాత్రిళ్లు నిద్రపోవట్లేదు, బీరువా పక్కన ఎవరో పిల్లలు నిలబడ్డారంటున్నారు, గాజులు కోడలే తీసిందని పక్కింటావిడకి చెప్తున్నారు, స్నానానికి రమ్మంటే చెయ్యెత్తుతున్నారు. నైట్ నర్స్‌ని పెట్టాలా, ఏదైనా హోమ్‌లో చేర్చాలా, బెజవాడలో మంచి ఏజెన్సీ ఉంటే చెప్పమన్నారు. ఏజెన్సీ సంగతి చివర్లో చెప్తా. ముందు ఆ "పది రోజుల నుంచి" అన్నారు చూడండి, అది తేలాలి.

నేను జీఎన్ఎం అనే నర్సింగ్ కోర్సు చదివి గుంటూరులో వార్డుల్లో చేశా, తర్వాత పిల్లల్తో నైట్ డ్యూటీలు కుదరక విజయవాడలో ఇళ్లకెళ్లి పెద్దవాళ్లని చూసుకునే పనిలోకి వచ్చా. ఎక్కువగా మతిమరుపు వాళ్లూ, డిప్రెషన్ వాళ్లూ, పక్షవాతం వచ్చాక మాట పోయినవాళ్లూ. డాక్టర్ని కాదు కాబట్టి మందు మార్చమని చెప్పను, డాక్టర్ని ఏం అడగాలో చెప్తా.

ఆల్జీమర్స్ లాంటిది పది రోజుల్లో ఇంత మారదండీ, నెలలూ ఏళ్లూ పడుతుంది. నిన్నటిదాకా ఒకలా ఉన్న మనిషి ఉన్నట్టుండి తేడాగా ఉంటే, అదీ పొద్దున బాగానే ఉండి మధ్యాహ్నానికి అయోమయంగా ఉంటే, దాన్ని డెలిరియం అంటారు. ఒంట్లో వేరే ఏదో తేడా చేస్తే దాని దెబ్బ మెదడు మీద పడటం. డిమెన్షియా ఉన్నవాళ్లకి ఇది ఇంకా తేలిగ్గా వస్తుంది, ఇంట్లోవాళ్లేమో "జబ్బు ముదిరింది" అనుకుని ఊరుకుంటారు, కొన్నిసార్లు డాక్టర్లు కూడా అలాగే అనేస్తారు. కారణం పట్టుకుంటే చాలామంది మళ్లీ మామూలవుతారు, కాకపోతే కాస్త టైం పడుతుంది. చిన్న చిన్న స్ట్రోకులు వచ్చినా సడన్‌గా మారొచ్చు, కాబట్టి మూతి వంకర పోయిందా, ఒక చెయ్యి కానీ కాలు కానీ పట్టు తప్పిందా, మాట ముద్దగా వస్తోందా అని కూడా చూడండి.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చెయ్యొచ్చు. వారాలు వెనక్కి చెప్పమనండి, శనివారం నుంచి ఆదివారం దాకా. మొన్నటిదాకా చెప్పగలిగినావిడ ఇప్పుడు రెండు చెప్పి ఆగిపోయి కిటికీ వైపు చూస్తూ ఉండిపోతే, అడిగింది కూడా మర్చిపోతే, ధ్యాస నిలవట్లేదన్నమాట, డెలిరియానికి అది పెద్ద గుర్తు. ఇంకోటి, అందరూ కేకలేయరు. కొందరు ఉలుకూ పలుకూ లేకుండా మంచానికి అతుక్కుపోతారు, ఇంట్లోవాళ్లు "హమ్మయ్య, ఇవాళ గొడవ చెయ్యలేదు" అనుకుంటారు. నాకైతే గొడవ చేసేవాళ్లకంటే వీళ్లే ఎక్కువ భయం.

ఇక కారణాలు. యూరిన్ ఇన్ఫెక్షన్ అందరికీ తెలుసు, పెద్దవాళ్లలో జ్వరం లేకుండా కూడా ఉండొచ్చు. కానీ యూరిన్ టెస్ట్‌లో ఏదో కనపడింది కదా అని యాంటీబయాటిక్ వేసేసి అక్కడితో ఆగిపోకూడదు, ఆ వయసు ఆడవాళ్లలో ఏ ఇబ్బందీ లేకపోయినా యూరిన్‌లో బ్యాక్టీరియా కనపడటం మామూలే. మోషన్ ఎప్పుడు అయ్యారో అడగండి, ఆవిణ్ని కాదు, మీరే లెక్క చూసుకోండి, ఎందుకంటే ఆవిడ రోజూ అయ్యాననే చెప్తారు. మూడు నాలుగు రోజులు మోషన్ లేకపోయినా, యూరిన్ బిగపట్టుకుపోయి పొత్తికడుపు గట్టిగా ఉన్నా మనిషి ఇలాగే చిరాకుపడతారు, నొప్పి అని చెప్పడం రాదు కాబట్టి కొడతారు. పంటి నొప్పి, మోకాలి నొప్పి, కింద పడి ఎవరికీ చెప్పకపోవడం, అన్నీ ఇందులోకే వస్తాయి. చెవి మిషన్ బ్యాటరీ అయిపోయిందా, కళ్లజోడు పెట్టుకుంటున్నారా అన్నది కూడా చూడండి, కంటిశుక్లం ఉన్నవాళ్లకి చీకట్లో బీరువా పక్కన చీరల మూట పిల్లాడిలా కనపడటం పెద్ద వింతేం కాదు.

ఇక సోడియం, అంటే రక్తంలో ఉండే ఉప్పు. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే మన ఊళ్ల ఎండల్లో దీన్ని ఎన్నోసార్లు చూశా. మామూలుగా 135 నుంచి 145 మధ్య ఉండాలి. కృష్ణలంకలో ఒక పెద్దావిడ, బీపీకి నీరు తీసే మందు కలిసిన మాత్ర వాడుతున్నారు, మే నెల, నోరు బాలేదని వారం రోజులుగా సరిగా తినలేదు, ఉప్పు మానెయ్యమన్నారని చప్పిడి మజ్జిగ నీళ్లే తాగుతూ ఉన్నారు. చనిపోయిన భర్త వచ్చారు కాఫీ పెట్టమని వంటింట్లో కోడలి చెయ్యి పట్టుకుని లాగుతున్నారు. వాళ్లబ్బాయి ముందు భూతవైద్యం దాకా ఆలోచించి ఆ తర్వాత పిచ్చి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దామన్నాడు. బ్లడ్ టెస్ట్ చేయిస్తే సోడియం 118. హాస్పిటల్లో ఉంచి నెమ్మదిగా పెంచారు, ఒక్కసారిగా పెంచితే మెదడుకి ప్రమాదం, అందుకే ఇంట్లో ఉప్పు నీళ్లు తాగించడం లాంటివి చెయ్యొద్దు. ఇంటికొచ్చాక అదే కోడలితో ఆవకాయకి కాయలు ఎలా ఏరుకోవాలో వాదన పెట్టుకున్నారు. బీపీ మాత్ర ఒక్కటే కాదు, డిప్రెషన్‌కి ఇచ్చే కొన్ని మందులు కూడా సోడియం తగ్గిస్తాయి.

ఇప్పుడు మందుల సంచీ. నిద్ర మాత్ర వేస్తున్నాం అన్నారు, ఎప్పటినుంచో రాయలేదు. ఈ పది రోజుల గొడవకి ముందు మొదలుపెట్టారా, తర్వాతా? అల్ప్రాజోలం లాంటివి కొందరు పెద్దవాళ్లకి నిద్ర పట్టించకపోగా తిక్క పెంచుతాయి, పైగా రాత్రి బాత్రూంకి లేచి తూలి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు. అలా అని ఇవాళే ఆపేయకండి, చాన్నాళ్లుగా వాడుతుంటే సడన్‌గా ఆపినా ప్రమాదమే, డాక్టర్ తగ్గిస్తూ మాన్పించాలి. జలుబుకో దురదకో మందుల షాపులో అడిగి తెచ్చే అవిల్ లాంటి బిళ్లలు, యూరిన్ మాటిమాటికీ వస్తోందని ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, వణుకుకి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, నరాల నొప్పికి రాత్రి పూట వేసే అమిట్రిప్టిలిన్, ఇవన్నీ ఆ వయసు మెదడుని ఇంకా మసకబారుస్తాయి. పేర్లు గుర్తుపెట్టుకోవడం కష్టం, అందుకే ఇంట్లో ఉన్నవన్నీ, ఆయుర్వేదం డబ్బాతో సహా, సంచీలో వేసుకుని డాక్టర్ టేబుల్ మీద పెట్టండి.

ఇంకో విషయం నేను ఇళ్లలో చూసేది, మానసిక జబ్బులకి ఇచ్చే హాలోపెరిడాల్ చుక్కలో రిస్పెరిడోన్ మాత్రో చెప్పకుండా పెరుగన్నంలో కలిపేయడం. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో ఈ రకం మందుల వల్ల చనిపోయే రిస్క్ పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక పెట్టింది, రిస్పెరిడోన్ లాంటివాటికి 2005లో, హాలోపెరిడాల్ లాంటివాటికి 2008లో. తమకో ఎదుటివాళ్లకో దెబ్బలు తగిలేంత పరిస్థితి ఉంటే డాక్టర్లు కొన్నాళ్లు తక్కువ డోసులో ఇస్తారు, అది వేరు. కానీ లేనివి కళ్లకి కట్టినట్టు కనపడటం, నడక బిగుసుకుపోవడం, రోజురోజుకీ తేడా, ఈ మూడూ కలిసి ఉంటే లూయీ బాడీ అనే రకం డిమెన్షియా కావచ్చు, వాళ్లకి హాలోపెరిడాల్ అస్సలు పడదు. మీ అత్తగారికి పిల్లలు కనపడుతున్నారు కాబట్టి ఈ ముక్క డాక్టర్‌తో తప్పకుండా అనండి.

బీ12, థైరాయిడ్ ఇంతకుముందు చూడకపోతే అవీ చేయించుకోండి.

గాజుల సంగతి. మీరు తియ్యలేదని ఎంత చెప్పినా ప్రయోజనం ఉండదు, సాక్ష్యాలు చూపిస్తే ఇంకా పెరుగుతుంది. "అయ్యో, గాజులు కనపడట్లేదా, పదండి వెతుకుదాం" అని ఆవిడతోనే కలిసి వెతకండి. బియ్యం డబ్బా, దేవుడి గూడు, దిండు గలీబు, పాత హ్యాండ్‌బ్యాగు, దాచుకునేది అక్కడే. అసలు బంగారం బ్యాంకు లాకర్లో పెట్టేసి అలాంటి మోడల్ వన్ గ్రామ్ గోల్డ్ గాజులు రెండు జతలు కొనండి, ఒకటి పోతే ఇంకోటి దొరుకుతుంది. పక్కింటావిడకి మీవారి చేత విషయం చెప్పించండి, మీరు చెప్తే సంజాయిషీ ఇచ్చుకున్నట్టు ఉంటుంది. ఎప్పుడూ దగ్గరుండి చేసే మనిషి మీదే ఈ నింద పడుతుంది, నా మీదా పడింది, నేను మింగిన చెవిదిద్దులకి లెక్కే లేదు.

స్నానం రోజూ కావాలని ఎవరూ రాసిపెట్టలేదు. వారానికి రెండు మూడుసార్లు స్నానం, మిగతా రోజులు తడిబట్టతో ఒళ్లు తుడవడం సరిపోతుంది. తలంటు వేరే రోజు పెట్టుకోండి. షవర్ వద్దు, నెత్తి మీద నీళ్లు పడితే భయపడతారు. ప్లాస్టిక్ స్టూల్ వేసి, భుజాల మీద టవల్ కప్పి ఉంచి, చెంబుతో గోరువెచ్చని నీళ్లు ముందు పాదాల మీద పొయ్యండి, తర్వాత చేతులు, ఆ తర్వాత టవల్ కొంచెం కొంచెం జరుపుతూ వీపు. ఒక చెంబు ఆవిడ చేతికే ఇవ్వండి. బట్టలు విప్పేటప్పుడు సిగ్గు పడుతున్నారు తప్ప మొండితనం కాదు, అందులోనూ కొడుకు ఆ గుమ్మంలో నిలబడి "అమ్మా తొందరగా" అంటుంటే ఎవరికైనా కోపం వస్తుంది. వద్దంటే వదిలేసి అరగంట ఆగి మళ్లీ అడగండి, అంతలో అంతకుముందు వద్దన్నది మర్చిపోతారు కూడా.

సాయంత్రాలు చాలామందికి ఎక్కువవుతుంది. గుంటూరులో ఒక పెద్దాయన, ఒకప్పుడు మిర్చి కొట్లో గుమస్తా. పొద్దు వాలగానే చొక్కా తొడుక్కుని మిర్చి యార్డుకి పోవాలి తలుపు తియ్యండి అని రంకెలు. యార్డు మూసేశారంటే వినరు. పాత చిట్టా పుస్తకం ఒకటి ఇచ్చి "ఈ లాటులో టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్నో కాస్త రాసిపెట్టండి, తర్వాత పోదురుగానీ" అంటే కూర్చుని అంకెలు వేసుకునేవారు, కూడిక తప్పే కానీ చేతిరాత మాత్రం అచ్చు. ఈలోపు లైట్లన్నీ వేసేసి టిఫిన్ పెట్టేసేవాళ్లం. మీ అత్తగారు ఏ పని చేసేవారో రాయలేదు, పూలు కట్టడమో చిక్కుళ్లు ఈనెలు తియ్యడమో చేతికి అలవాటైనది ఏదైనా పర్లేదు. చీకటి పడకముందే లైట్లు వెయ్యండి, మధ్యాహ్నం నిద్ర తగ్గించండి, మూడు దాటాక కాఫీ ఆపండి, బాత్రూం దారిలో రాత్రంతా చిన్న లైటు ఉంచండి.

ఎక్కడ చూపించాలి అంటే, విజయవాడ జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రి), గుంటూరు జీజీహెచ్‌లో మెడిసిన్, సైకియాట్రీ రెండు ఓపీలూ ఉన్నాయి, మంగళగిరి ఎయిమ్స్ ఉంది, ప్రైవేట్ అయితే సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో న్యూరాలజిస్టులు బోల్డంతమంది. మీ పరిస్థితికి నేనైతే ముందు ఫిజీషియన్ (జనరల్ మెడిసిన్ డాక్టర్) దగ్గరికే వెళ్తా. రాత్రిపూట మీకే ఏడుపొస్తే 14416 టెలీమానస్‌కి (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) చెయ్యండి, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పెద్దవాళ్లకి సంబంధించిన సమాచారానికి 14567 ఎల్డర్ లైన్ ఉంది. మత్తుగా పడి ఉండి లేపినా సరిగా లేవకపోయినా, తలకి దెబ్బ తగిలినా, నీళ్లు కూడా మింగలేకపోయినా ఓపీ దాకా ఆగొద్దు, క్యాజువాల్టీకి తీసుకెళ్లిపోండి.

ఇక మనిషిని పెట్టడం. ఏజెన్సీ పేరు చెప్పను, ఒకే ఏజెన్సీ ఒకరికి బంగారం లాంటి మనిషిని, ఇంకొకరికి ఫోన్ చూసుకుంటూ కూర్చునే మనిషిని పంపడం చూశా. నర్స్ అని డబ్బులు తీసుకుని ఏ చదువూ లేని అమ్మాయిని పంపేవాళ్లు ఉన్నారు, కాబట్టి నర్సింగ్‌లో ఏఎన్ఎం చదివిందా, జీఎన్ఎం చదివిందా అని అడిగి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చూపించమనండి. నిజానికి మీకు నర్స్ అక్కర్లేదనుకుంటా. మూత్రం గొట్టం, ముక్కు గొట్టం, ఇన్సులిన్, పుండ్లు, వీటికి నర్స్ కావాలి. తోడుండి స్నానం చేయించి తినిపించడానికి ఓపికున్న ఆయమ్మ చాలు, ఖర్చూ తక్కువే. చదువు కంటే నేను చూసేది ఏంటంటే, వచ్చిన అమ్మాయి ముందు మీతో మాట్లాడిందా, ఆవిడ ఎదురుగా కూర్చుని ఆవిడతో మాట్లాడిందా అని. వారం వారం మనిషిని మార్చే చోటు వద్దు, కొత్త మొహం వచ్చిన ప్రతిసారీ వీళ్లకి మొదటికొస్తుంది. "మిమ్మల్ని చూసుకోవడానికి వచ్చింది" అని పరిచయం చెయ్యకండి, "నాకు పనిలో సాయానికి వచ్చింది అత్తయ్యా, మీరే అన్నీ చెప్పాలి" అనండి. మొదటి రెండు మూడు రోజులు మీరూ ఇంట్లో ఉండండి. ఆ అమ్మాయికి వారానికో రోజు సెలవు ముందే మాట్లాడుకోండి, అది ఇవ్వని ఇళ్లలో ఎవరూ నిలవరు.

హోమ్‌లో చేర్చడం తప్పని నేను అనను, కొన్ని ఇళ్లకి అదే దారి. కాకపోతే ఇలా అయోమయంగా ఉన్నప్పుడు చోటు మారిస్తే ఇంకా ఎక్కువవుతుంది, పైగా చాలా వృద్ధాశ్రమాలు తన పని తాను చేసుకోగలిగే వాళ్లనే తీసుకుంటాయి, డిమెన్షియా అని చెప్పి చేర్చితే ఒక సంగతి, దాచి చేర్చితే నెల తిరక్కుండా ఫోన్ వస్తుంది. అందుకని నైట్ మనిషికి కూడా ఇప్పుడే అడ్వాన్స్ ఇచ్చేయకండి. రేపు బ్లడ్‌కి, యూరిన్‌కి ఇచ్చి, మోషన్ సంగతి చూసి, ఆ నిద్ర మాత్ర ఏంటో తేలనివ్వండి, ఆవిడ రాత్రి నిద్రపోతే మీకు కావాల్సింది పగటి మనిషే, అది కూడా పొద్దున నాలుగైదు గంటలు.