గ్రాఫ్ బాగుంది, ఫొటోలో నక్షత్రాలే సాగిపోతున్నాయి

ప్రశ్న: 30 ఎంఎం గైడ్‌స్కోప్ వాడుతున్నాను. గైడ్ కెమెరాలో నక్షత్రాలు సరిగా కనిపించవు. అయినా పీహెచ్‌డీ2లో గ్రాఫ్ స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. మూడు నిమిషాల ఫొటో తీస్తే మాత్రం చుక్కలన్నీ సాగిపోతున్నాయి. కెమెరా పాడైందా? టెలిస్కోప్‌ను నడిపే మేడ మీది మినీ పీసీని ఆఫీసు నుంచి కూడా చూసుకోవడానికి రౌటర్‌లో పోర్ట్ తెరిచాను.
- అనంతపురం నుంచి ఒక పాఠకుడు

వానలు తగ్గి ఆకాశం తేటపడిందంటే చాలు, ఈ ఫిర్యాదు వరసగా వస్తుంది. ప్రధాన టెలిస్కోప్ పక్కన బిగించే చిన్న టెలిస్కోపే గైడ్‌స్కోప్. దాని కెమెరాలో కనిపించే నక్షత్రం ఎంత జరిగిందో పీహెచ్‌డీ2 సాఫ్ట్‌వేర్ గ్రాఫ్ గీసి, టెలిస్కోప్‌ను తిప్పే మౌంట్‌కు సరిదిద్దమని చెబుతుంది. మీ కెమెరాకు ఏమీ కాలేదు, ఫోకస్ కుదరలేదంతే. గ్రాఫ్ అంత చదునుగా ఉందంటేనే అనుమానం రావాలి. నిజమైన నక్షత్రాన్ని పట్టుకుంటే గాలిపొరల కదలికకే ఆ గీత సన్నగా వణుకుతూ ఉంటుంది. ఫోకస్ తప్పినప్పుడు నక్షత్రం వెలుగు పలచగా పరుచుకుని కనపడకుండా పోతుంది. ఫ్రేములో గట్టిగా మెరిసేది సెన్సర్ మీది హాట్ పిక్సెల్ (వెలుగు పడకపోయినా మెరిసే చుక్క) ఒక్కటే. సాఫ్ట్‌వేర్ దాన్నే నక్షత్రమనుకుంటుంది. అది సెన్సర్‌లోనే ఉంది కాబట్టి కదలదు, మౌంట్ తప్పుతున్నా సరిదిద్దమనే ఆదేశం వెళ్లదు. కొత్తగా కాలిబ్రేషన్ (మౌంట్‌ను కదిపి నక్షత్రం ఎటు, ఎంత జరుగుతుందో కొలవడం) చేసి ఉంటే నక్షత్రం కదలడం లేదని అక్కడే ఆగిపోయేది. మీరు పాతదాన్నే వాడుతున్నట్టున్నారు. గైడ్‌స్కోప్ మూత పెట్టి తీసిన ఫ్రేములతో హాట్ పిక్సెళ్లను తొలగించే డార్క్ లైబ్రరీ లేదా బ్యాడ్ పిక్సెల్ మ్యాప్ తయారు చేసుకుని, కాలిబ్రేషన్ మళ్లీ చేయండి.

ముందు పగటిపూట కిలోమీటరుకు పైగా దూరంలో ఉన్న సెల్ టవర్ మీద ఫోకస్ దగ్గరికి తెచ్చుకోండి. రాత్రి ఓ మాదిరి వెలుగున్న నక్షత్రాన్ని ఎంచుకుని, ఒక సెకను ఎక్స్‌పోజర్‌తో, పీహెచ్‌డీ2 స్టార్ ప్రొఫైల్‌లో హెచ్ఎఫ్‌డీ (నక్షత్రం వెలుగులో సగం ఇమిడే వృత్తం వ్యాసం) అంకె ఎక్కడ అన్నిటికన్నా తగ్గుతుందో చూడండి. కంటితో చూసి తేల్చుకోవద్దు, స్క్రీన్ మీది బొమ్మ వెలుగును సాఫ్ట్‌వేర్ పెంచి చూపిస్తుంది. ఎఫ్/4 గైడ్‌స్కోప్‌లో ఫోకస్ నిలిచే మేర సుమారు 40 మైక్రాన్లే, వెంట్రుక మందం కూడా ఉండదు. అలాంటి పరికరానికి ఫోకసర్ ఇవ్వకుండా, కెమెరాను గొట్టంలో ముందుకూ వెనక్కూ జరిపి ఒక్క మరతో బిగించుకోమనడం నాకు చాలా కోపం తెప్పిస్తుంది. బిగించగానే ఫోకస్ జరుగుతుంది, కెమెరా ఓ పక్కకు ఒరుగుతుంది. బిగించాక హెచ్ఎఫ్‌డీ మళ్లీ చూసి, గొట్టం మీద మార్కర్‌తో గీత పెట్టుకోండి.

ఫోకస్ కాస్త తప్పినా గైడింగ్ ఆగదనే మాట నిజమే. 120 ఎంఎం ఫోకల్ లెంగ్త్, 3.75 మైక్రాన్ల పిక్సెల్ అయితే ఒక్కో పిక్సెల్ ఆకాశంలో సుమారు 6.4 ఆర్క్ సెకండ్లు (ఆర్క్ సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు). నక్షత్రం ఒక్క పిక్సెల్‌లో ఇరుక్కోకుండా కొద్దిగా పరుచుకుంటే దాని కేంద్రాన్ని లెక్కించడం తేలిక. అలాగని కావాలని చెడగొట్టుకోవద్దు. ముందుగా కనపడకుండా పోయేవి మల్టీ స్టార్ గైడింగ్‌కు (ఒకేసారి చాలా నక్షత్రాలను చూసి సరిదిద్దడానికి) కావలసిన చిన్న చుక్కలే.

ఇక నాకు టెన్షన్ పెట్టిన సంగతి మీ ఆఖరి వాక్యం. కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే రిమోట్ డెస్క్‌టాప్‌కు దారి అయిన 3389 పోర్ట్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచారా? అలాంటి పోర్టుల కోసం రాత్రింబవళ్లు జల్లెడ పట్టే ప్రోగ్రాములున్నాయి. మేడ మీది కంప్యూటరే కదా అనుకుంటాం. కానీ అది ఉన్నది ఇంటి నెట్‌వర్క్‌లోనే, బ్యాంకు పనులు చేసుకునే ల్యాప్‌టాప్, పిల్లల ఫొటోలున్న డిస్క్ పక్కనే. పైగా ఈ మినీ పీసీలు చాలావరకు ఆటో లాగిన్‌తో, నాలుగంకెల పాస్‌వర్డ్‌తో, డ్రైవర్ పని చేయలేదని ఎప్పుడో ఆపేసిన ఫైర్‌వాల్‌తో నడుస్తుంటాయి. విండోస్ 10కు సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, అయినా ‘ఇమేజింగ్‌కేగా’ అని వాడేస్తున్నారు. టెలిస్కోప్ కంట్రోలర్లు తయారు చేసేవాళ్ల బాధ్యత కూడా తక్కువేం కాదు. అమ్మిన ప్రతి పెట్టెకూ ఒకటే వైఫై పాస్‌వర్డ్ పెట్టి, మార్చమని కూడా అడగకపోతే ఎలా?

బయటి నుంచి చూడాల్సిందే అంటే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన సొంత దారి) పెట్టుకోండి. మినీ పీసీని మిగతా పరికరాలతో కలవకుండా రౌటర్‌లోని గెస్ట్ నెట్‌వర్క్‌కు మార్చి, పొడవైన పాస్‌వర్డ్ పెట్టండి. ఫోకస్ పని రేపు రాత్రి చూసుకోవచ్చు. ఆ పోర్ట్ మాత్రం ఇది చదవగానే మూసేయండి.