మేకుకు తీగ చుట్టి చేసిన అయస్కాంతం సరిగా పనిచేయాలంటే ఎన్ని చుట్లు చుట్టాలి?

మీరు అడిగింది ఇదీ: పదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి సైన్స్ ఫెయిర్ కోసం మేకుకు రాగి తీగ చుట్టి విద్యుదయస్కాంతం చేసింది. మొదటిసారి అసలు పనిచేయలేదు. తీగ మార్చి చుడితే నాలుగు గుండుసూదులు లేచాయి గానీ, సెల్ పట్టుకోలేనంత వేడెక్కి కాసేపటికే నీరసించిపోయింది. ఇప్పుడు చుట్లు పెంచాలా, సెల్స్ పెంచాలా అన్నది మీ సందేహం.

నేను ఫిజిక్స్ మాస్టారిని కాను. మా నాన్నకి మోటార్ వైండింగ్ షాపు ఉండేది. స్కూలు నుంచి రాగానే కాలిపోయిన పొలం మోటార్లలోంచి పాత రాగి పీకడం నా డ్యూటీ. చెప్పబోయేదంతా అక్కడ నేర్చుకున్నదే.

మీ పాపకి జరిగిందే నాకూ జరిగింది. నా పదో తరగతిలో కూడా ఇదే ప్రాజెక్ట్. ఇంట్లో రాగి తీగకేం కొదవ అని, కాలిన మోటార్లోంచి తీసిన తీగనే శుభ్రంగా రెండొందల చుట్లు చుట్టి పట్టుకెళ్లాను. అందరి ముందూ స్విచ్ వేస్తే ఒక్క సూది కదిలితే ఒట్టు. ఆ రాత్రి నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని తీగ మీద గోటితో గీకారు. నల్లటి పొడి రాలింది. "ఇంక దీన్ని తీగ అనకురా, రాగి ముద్ద అను" అన్నారు.

సంగతేమిటంటే, వైండింగ్ తీగ చూడటానికి ఉత్త రాగిలా మెరుస్తుంది గానీ దాని మీద పల్చటి ఎనామెల్ పొర ఉంటుంది. మోటార్ కాలినప్పుడు మాడిపోయేది ఆ పొరే. పొర పోయిన తీగని దగ్గర దగ్గరగా చుడితే కరెంట్ మేకు చుట్టూ తిరగదు, ఒక చుట్టులోంచి పక్క చుట్టులోకి అడ్డదారిన దూకేస్తుంది. తిరగకపోతే అయస్కాంతం లేదు.

మీ పాప మొదటి ప్రయత్నంలో బహుశా దీనికి సరిగ్గా ఉల్టా తప్పు జరిగి ఉంటుంది. తీగ కొత్తది, పొర బాగానే ఉంది, కానీ సెల్‌కి తగిలించే రెండు కొసల దగ్గర కూడా ఆ పొర అలాగే ఉండిపోయింది. అప్పుడు కరెంట్ లోపలికే రాదు. రెండు కొసల్నీ అంగుళం మేర బ్లేడుతోనో ఉప్పు కాగితంతోనో చుట్టూ గీకండి. ఒకవైపు గీకి వదిలేస్తే చాలదు. గీకిన చోట రంగు కాస్త లేతబడి అసలు రాగి కనిపిస్తుంది.

ఈ పొర గొడవ కొత్తదేమీ కాదు. కరెంట్ పోతున్న తీగ పక్కన దిక్సూచి ముల్లు కదులుతుందని ఆయిర్‌స్టెడ్ 1820లో గమనించాడు, ఇది పాఠంలో ఉంటుంది. ఆ తర్వాత కొద్ది సంవత్సరాలకే ఇంగ్లండులో స్టర్జన్ గుర్రపు నాడా ఆకారంలో ఉన్న ఇనుముకి వార్నిష్ పూసి, దాని మీద ఉత్త తీగ చుట్టి విద్యుదయస్కాంతం చేశాడు. ఉత్త తీగ కాబట్టి చుట్టుకీ చుట్టుకీ మధ్య ఖాళీ వదలాల్సి వచ్చింది. అమెరికాలో జోసెఫ్ హెన్రీ ఇనుముకి పూత వేయడం మానేసి తీగకే పట్టు గుడ్డ చుట్టాడు. దాంతో చుట్లు ఆనించి చుట్టొచ్చు, పొర మీద పొర వేయొచ్చు. ఇప్పటి ఎనామెల్ చేసేది ఆ పట్టు గుడ్డ పనే.

ఇక అసలు ప్రశ్న. అయస్కాంతం బలం చుట్ల మీదే ఆధారపడదు, కరెంట్ మీదే ఆధారపడదు, రెండిటి గుణకారం మీద ఆధారపడుతుంది. దాన్ని ఆంపియర్-చుట్లు అనుకుందాం. చిక్కెక్కడంటే, చుట్లు పెంచితే తీగ పొడవు పెరుగుతుంది, దాంతో నిరోధం, అంటే కరెంట్‌కి తీగ పెట్టే అడ్డు, పెరిగి కరెంట్ తగ్గుతుంది. అలాంటప్పుడు లాభమేముంది అని మీ పాపని అడిగి చూడండి. నన్ను నాన్న ఇదే అడిగి రెండు రోజులు తిప్పించారు.

లెక్క వేద్దాం. 26 గేజి తీగకి మీటరుకు దాదాపు 0.1 ఓం నిరోధం. మేకు 6 మిల్లీమీటర్ల లావుంటే ఒక చుట్టుకి 2 సెంటీమీటర్ల తీగ పడుతుంది. అంటే 100 చుట్లకి 2 మీటర్లు, 0.2 ఓం. పై పొరల్లో చుట్టు కాస్త పెద్దదవుతుంది, దాన్ని వదిలేద్దాం. సెల్‌కి కూడా లోపల తనదంటూ నిరోధం ఉంటుంది, అంతర్నిరోధం అని పుస్తకంలో ఉండేది అదే. మామూలు సెల్‌కి అర ఓం అనుకుందాం. వోల్టేజి 1.5.

100 చుట్లు చుడితే మొత్తం నిరోధం 0.7 ఓం, కరెంట్ 2.1 ఆంపియర్లు, గుణిస్తే సుమారు 210. అదే 400 చుట్లు చుడితే కాయిల్ 0.8 ఓం, మొత్తం 1.3 ఓం, కరెంట్ 1.15 ఆంపియర్లు. గుణిస్తే 460. కరెంట్ దాదాపు సగమైంది, అయస్కాంతం రెండింతలు దాటింది!

వేడి సంగతి ఇంకా బాగుంటుంది. వేడి అంటే కరెంట్ వర్గం ఇంటూ నిరోధం. మొదటి కాయిల్‌తో సెల్ లోపలే 2.2 వాట్ల పైన పుడుతోంది, కాయిల్లో ఒక వాట్ కూడా లేదు. మీకు తీగ కన్నా సెల్ ఎక్కువ కాలింది అందుకే. 400 చుట్లతో సెల్ లోపలి వేడి 0.7 వాట్లకి దిగుతుంది. కాబట్టి ముందు చుట్లు పెంచండి. మూడొందలు, నాలుగొందలు చాలు. ఆపైన ఎన్ని చుట్లు చుట్టుకుంటూ పోయినా ఈ లెక్కలో ఆ గుణకారం 750 దాటదు, చెయ్యి నొప్పి ఒక్కటే మిగులుతుంది.

సెల్స్ పెంచడం గురించి. 100 చుట్ల కాయిల్‌కి రెండు సెల్స్ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి, కలిపితే 3 వోల్టులు వస్తాయి, కానీ అంతర్నిరోధం కూడా రెట్టింపై 1 ఓం అవుతుంది. కరెంట్ 2.1 నుంచి 2.5కి పెరుగుతుంది, అంతే. అవే రెండూ సమాంతరంగా, అంటే ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిసేలా, కలిపితే అంతర్నిరోధం పావు ఓంకి పడిపోయి కరెంట్ 3.3కి వెళ్తుంది. 400 చుట్ల కాయిల్‌కి మాత్రం సిరీస్‌లోనే ఎక్కువ వస్తుంది. సమాంతరంగా కలిపేటప్పుడు రెండూ ఒకే రకం, ఒకే రోజు కొన్నవి అయ్యుండాలి, పాతది కొత్తదాన్ని తినేస్తుంది. ఇంకో మాట: ఏం చేసినా గోడ ప్లగ్గు జోలికి మాత్రం పోవద్దు. ఇంత తక్కువ నిరోధం ఉన్న కాయిల్‌ని 230 వోల్టులకి పెడితే మాడిపోతుంది, అలా మాడిన తీగనే నేను షాపులో రోజూ పీకేవాణ్ణి.

చుట్టేటప్పుడు పిల్లలకి ఒక అనుమానం వస్తుంది: మొదటి పొర ఎడమ నుంచి కుడికి పోయింది, రెండో పొర వెనక్కి వస్తోంది, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవా? కొట్టేసుకోవు. తీగ పక్కకి ఎటు జరుగుతోందన్నది కాదు, మేకు చుట్టూ ఎటు తిరుగుతోందన్నది ముఖ్యం. మధ్యలో ఆపి, టీ తాగొచ్చి, రెండో వైపుకి తిప్పి చుట్టడం మొదలుపెడితే అప్పుడు కొట్టేసుకుంటాయి. మా షాపులో కూడా కొత్తవాళ్లు చేసే తప్పు ఇదే.

సూదులు ఎత్తకపోయినా కాయిల్ బతికుందో లేదో తెలుసుకోవడానికి ఫోన్లో దిక్సూచి తెరిచి దాని పక్కన పెట్టండి. స్విచ్ వేయగానే ముల్లు తిరిగితే కరెంట్ వస్తున్నట్టే. సెల్‌ని అటూ ఇటూ మార్చి పెడితే ముల్లు రెండో వైపుకి తిరుగుతుంది. ఏ కొస ఉత్తర ధ్రువమో కుడిచేతి వేళ్లు కరెంట్ తిరిగే వైపుకి ముడిచి చూపించమనండి, బొటనవేలు చూపే వైపే ఉత్తరం.

ఫెయిర్‌కి వచ్చినవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. స్విచ్ ఆపేశాక కూడా ఒకటి రెండు సూదులు మేకుని వదలవు. ప్రయోగం తప్పయిందని పాప కంగారుపడొద్దు. బజారు మేకు మెత్తటి ఉక్కు, దానికి కొద్దిగా అయస్కాంతత్వం మిగిలిపోతుంది. మోటార్లో వేడి ఎక్కువ పుట్టకూడదు కాబట్టి అక్కడ వేరే రకం పల్చటి ఉక్కు రేకులు పేర్చి వాడతారు. మీ ఊళ్లో వైండింగ్ షాపు ఉంటే పాడైన ఆ రేకులు (స్టాంపింగ్స్ అంటారు) నాలుగు అడిగి తెచ్చుకోండి, ఊరికే ఇచ్చేస్తారు. పొడవాటి ముక్కలుగా కత్తిరించి, కట్టగా కట్టి, అదే కాయిల్లో మేకు బదులు దూర్చి స్విచ్ ఆపి చూడండి. సూదులు మేకుకన్నా త్వరగా రాలిపోతాయి.