లెక్క ఎవరు చూస్తారో అడగమనండి

తణుకు నుంచి ఓ తండ్రి గారు రాశారు. అమ్మాయి ఈ ఏడాదే సివిల్‌లో బీటెక్ పూర్తి చేసింది, చేతిలో రెండు ఆఫర్లున్నాయి. ఒకటి పెద్ద ఐటీ కంపెనీ. రెండోది హైదరాబాద్‌లో భవనాలకు డిజైన్లు చేసే ఇంజనీరింగ్ కన్సల్టెన్సీ, అక్కడ ట్రైనీగా నెలకు 24 వేలు. అమ్మాయికి రెండోదే ఇష్టం. 'బంధువులంతా బొమ్మలు గీసే ఉద్యోగం అంటున్నారు సార్, వాళ్ళ వెబ్‌సైట్‌లో మాత్రం లీడర్‌షిప్, ఇన్నోవేషన్ అని పెద్ద పెద్ద మాటలున్నాయి, ఇందులో నిజమెంత, పదేళ్ళ తర్వాత మా పిల్ల ఎక్కడుంటుంది' అని ఆయన ప్రశ్న.

సార్, వెబ్‌సైట్ మాటలు కాసేపు పక్కన పెట్టండి, అవి అందరూ రాసేవే. బంధువుల మాట కూడా పక్కన పెట్టండి. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రి చెప్పిందే వేదం అనుకునే వాళ్ళకి కన్సల్టెంట్ ఏం చేస్తాడో తెలియకపోవడంలో వింతేం లేదు.

అసలు పనేంటో ముందు చెప్తాను. ఆర్కిటెక్ట్ బొమ్మ గీస్తాడు, బిల్డర్ కడతాడు, ఈ ఇద్దరి మధ్యా కూర్చుని ఇది నిలబడుతుందా, ఎంత ఇనుము కావాలి, ఏసీ ఎంత కావాలి, నీళ్ళు ఎటు పోతాయి, మంటలు వస్తే జనం ఎటు దిగాలి అని లెక్కగట్టేవాళ్ళే బిల్డింగ్ కన్సల్టెంట్లు. వీళ్ళలో స్ట్రక్చరల్ వాళ్ళు వేరు, ఏసీ, కరెంటు, ప్లంబింగ్ చూసే ఎంఈపీ వాళ్ళు వేరు. సివిల్ చదివింది కాబట్టి మీ అమ్మాయి ఎక్కువగా మొదటి గుంపులోకే వెళ్తుంది. పెద్ద భవనం అనుమతికి వెళ్ళేటప్పుడు లైసెన్స్ ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీర్ సంతకం కావాలి, ఆ సంతకం వెనక ఉండే లెక్కంతా చేసేది ఇలాంటి ఆఫీసుల్లో కూర్చునే పిల్లలే.

నేను ఈ సలహాల పనిలోకి రాకముందు కొన్నేళ్ళు అలాంటి ఆఫీసులోనే కూర్చున్నాను, పేరు అనవసరం. చేరిన కొత్తలో ఒక అపార్ట్‌మెంట్ మోడల్ ఈట్యాబ్స్ అనే, భవనం బలం లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌లో చేసి, ఎర్రగా ఏమీ చూపించట్లేదు, అన్నీ పాస్ అని గొప్పగా సీనియర్ ముందు పెట్టాను. ఆయన సాఫ్ట్‌వేర్ తెరవనే లేదు. కాలమ్‌ల మీద పడే బరువుల ప్రింటు తీసుకుని పెన్సిల్‌తో నాలుగు కాలమ్‌ల చుట్టూ సున్నా చుట్టి, "టెర్రస్ మీద ట్యాంకు వీటి మీదే కదా, మరి వీటికీ పక్కవాటికీ ఒకే బరువు ఎలా వచ్చింది?" అన్నారు. 20 వేల లీటర్ల ట్యాంకు, అంటే ఒక్క నీళ్ళే 20 టన్నులు, నేను వెయ్యడం మర్చిపోయాను. మర్చిపోయావని సాఫ్ట్‌వేర్ చెప్పదు, ఇచ్చిన బరువుకి అది చక్కగా పాస్ చేసేసింది. ఆయన అరవలేదు, ఆ ప్రింటు మాత్రం నా టేబుల్ ముందు గోడకి అంటించారు, ఆర్నెల్లు అది అక్కడే ఉంది. ఆ ఆర్నెల్లలో నేర్చుకున్నంత నాలుగేళ్ళ కాలేజీలో నేర్చుకోలేదంటే నమ్మండి.

ఎందుకు చెప్తున్నానంటే, ఈ రంగంలో మీ అమ్మాయి ఏమవుతుందనేది కంపెనీ పేరు మీదకంటే ఆమె లెక్కను ఎవరు చూస్తారనే దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. దగ్గర కూర్చోబెట్టుకుని చూసే మనిషి ఉంటే ఐదేళ్ళలో ఇంజనీర్ అవుతుంది. లేకపోతే ఐదేళ్ళ తర్వాత కూడా సాఫ్ట్‌వేర్ ఆపరేటరే, అప్పుడు మీ బంధువుల మాటే నిజమవుతుంది. రెండు రకాల ఆఫీసులూ ఉన్నాయి, దాచడం ఎందుకు. మన దగ్గర చాలామంది బిల్డర్లు స్ట్రక్చరల్ డిజైన్ ఫీజును కూరగాయల బేరంలా చదరపు అడుగుకి ఇన్ని రూపాయలని తెగ్గొడతారు, ఫీజు పడిపోయిన చోట పాత ప్రాజెక్టు ఫైలు తీసి పేరు మార్చి పంపే అలవాటు పుడుతుంది. అలాంటి చోట ట్రైనీకి నేర్పే తీరిక ఎవరికి ఉంటుంది?

ఇక లీడర్‌షిప్. అంటే మేనేజర్ అని బోర్డు తగిలించుకోవడం అనుకుంటాం మనం. ఈ పనిలో మాత్రం అది మొదటి ఏడాదిలోనే మొదలవుతుంది, నా లెక్క తప్పు అని నోరు తెరిచి చెప్పడంతో. న్యూయార్క్‌లో అప్పట్లో సిటీకార్ప్ సెంటర్ అని పిలిచిన 59 అంతస్తుల భవనం ఉంది, 1977లో పూర్తయింది. కింద కాళ్ళు నాలుగు మూలల్లో కాకుండా నాలుగు పక్కల మధ్యలో ఉంటాయి. దాని స్ట్రక్చరల్ ఇంజనీర్ విలియం లెమెసూరియర్, అప్పటికే చాలా పేరున్న మనిషి. ఓ విద్యార్థి అడిగిన ప్రశ్న తర్వాత 1978లో లెక్క మళ్ళీ చూసుకుంటే, ఐమూలగా వచ్చే గాలికి కొన్ని చోట్ల అనుకున్నదానికంటే ఎక్కువ ఒత్తిడి పడుతోందని, పైగా వెల్డింగ్ చెయ్యాల్సిన జాయింట్లు బోల్టులతో బిగించారని తేలింది. పరువు పోతుంది, కేసులు పడతాయి, అయినా వెళ్ళి యజమానులకు చెప్పేశాడు. రాత్రిళ్ళు వెల్డర్లు ఎక్కి ఆ జాయింట్ల మీద స్టీలు ప్లేట్లు అతికించారు. ఊళ్ళో జనానికి మాత్రం 1995 దాకా ఈ సంగతి తెలియనివ్వలేదు, అది నాకు నచ్చని భాగం. కానీ తప్పు తనే బయటపెట్టాడు చూడండి, అది కావాలి. ట్రైనీ నోటి నుంచి 'సార్, నిన్న పంపిన డ్రాయింగ్‌లో పొరపాటుంది' అన్న మాట వస్తే ఆ ఆఫీసులో ఏం జరుగుతుంది, తిడతారా, వెంటనే సైట్‌కి ఫోన్ చేసి కాంక్రీట్ ఆపిస్తారా? ఆపించే ఆఫీసైతే కళ్ళు మూసుకుని పంపించండి.

మెట్లంటారా, ట్రైనీ, డిజైన్ ఇంజనీర్, సీనియర్, అసోసియేట్, ఆ పైన డైరెక్టర్, పేర్లు కొంచెం అటూ ఇటూగా అన్ని చోట్లా ఇంతే. సీనియర్ అయ్యాక దారి రెండుగా చీలుతుంది, కొందరు లెక్కల్లోకి ఇంకా లోతుకు వెళ్తారు, కొందరు క్లయింట్లు, ఫీజులు, మీటింగులు చూస్తారు. రెండోవైపు వెళ్ళాలంటే మాట బాగుండాలి, మెయిల్ సూటిగా రాయడం రావాలి. ఇది మన పిల్లల్లో చాలామందికి అడ్డంకి, లెక్క వస్తుంది గానీ అది ఎందుకు అలా వచ్చిందో పక్కవాడికి చెప్పమంటే తడబడతారు.

ఇన్నోవేషన్ గురించి ఒక్క ఉదాహరణ చెప్తాను, మీకే అర్థమవుతుంది. ఒక ఆఫీసు భవనం, అంతస్తు నుంచి అంతస్తుకి 3,600 మిల్లీమీటర్లు. స్లాబుతో కలిపి బీమ్ లోతు 600, అంటే బీమ్ అడుగున మిగిలేది 3,000. ఫాల్స్ సీలింగ్ 2,700 ఎత్తులో కావాలన్నాడు ఆర్కిటెక్ట్. మధ్యలో ఉన్నది 300, అందులో కింద ఫ్లోరింగ్ మందానికి 50 పోతే 250. ఏసీ డక్ట్, అంటే చల్లగాలి వెళ్ళే గొట్టం, దాని లోతేమో ఇన్సులేషన్‌తో కలిపి 350. దూరదు. ఇక ఏసీ వాళ్ళు బీమ్‌కి రంధ్రం పెట్టమంటారు, స్ట్రక్చరల్ వాళ్ళు చచ్చినా ఒప్పుకోం అంటారు, ఆర్కిటెక్ట్ సీలింగ్ దించనంటాడు, మీటింగు మూడు గంటలు. అప్పుడు ఎవరో ఒకరు, చాలాసార్లు అందరికంటే చిన్నవాళ్ళే, అసలు అంత డక్ట్ ఎందుకు కావాల్సి వచ్చిందని అడుగుతారు. పడమర వైపంతా గాజు, ఆ ఎండ వేడికి ఏసీ పెరిగింది, దాంతో డక్ట్ పెరిగింది. వేడిని ఆపే గాజు వేసి, కిటికీలకు బయట నీడ ఇస్తే గాలి తక్కువ సరిపోతుంది, డక్ట్ చిన్నదై దూరిపోతుంది, నెలనెలా కరెంటు బిల్లు కూడా తగ్గుతుంది. ఇన్నోవేషన్ అంటే చాలావరకు ఇదే సార్, రోబోలూ డ్రోన్లూ ఆ తర్వాత.

దీన్ని కళ్ళతో చూడాలంటే దూరం వెళ్ళక్కర్లేదు, హైటెక్ సిటీ దగ్గర సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. 2004లో అబ్దుల్ కలాం గారు ప్రారంభించారు, పర్యావరణానికి మేలు చేసే భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్ వచ్చినప్పుడు అమెరికా బయట అలాంటి భవనం అదే మొదటిది. మధ్యలో ఆరుబయలు వదిలి గుండ్రంగా కట్టారు, గాలిని చల్లబరిచి లోపలికి పంపే రెండు టవర్లున్నాయి, జాలీ గోడలున్నాయి. మన పాత ఇళ్ళ మండువా గుర్తొస్తుంది. అమ్మాయిని ఒకసారి వెళ్ళి చూసి రమ్మనండి, కొత్తదంటే అంతా బయటి నుంచే రాదని తెలుస్తుంది.

ఏఐ టెన్షన్ కూడా రాశారు మీరు. డ్రాఫ్టింగ్, ఊచల పట్టికలు తయారు చెయ్యడం లాంటివి సాఫ్ట్‌వేర్ ఇప్పటికే చాలా వరకు చేస్తోంది, ఇంకా చేస్తుంది. ట్యాంకు మర్చిపోయావని పట్టుకునే మనిషికి మాత్రం ఇప్పట్లో ఢోకా లేదు. అందుకే అమ్మాయికి ఇప్పుడే ఒక అలవాటు చేయించండి, కంప్యూటర్ చూసేముందు చేత్తో లెక్క. 6 మీటర్ల బీమ్, రెండు చివరలా ఊరికే ఆనించింది, మీటరుకి 40 కిలోన్యూటన్ల బరువు ఉంటే మధ్యలో మూమెంట్, అంటే బీమ్‌ని వంచే ప్రభావం, 180 కిలోన్యూటన్ మీటర్లు రావాలి. కంప్యూటర్ 18 చూపిస్తే నవ్వు రావాలి ఆమెకి. రాకపోతే ఇంకా పని ఉంది.

డబ్బు సంగతి, అబద్ధం చెప్పను, మొదటి మూడు నాలుగేళ్ళు ఐటీలో చేరిన స్నేహితురాళ్ళ కంటే తక్కువే తెస్తుంది. హైదరాబాద్‌లో హాస్టల్, తిండి, బస్సు పోగా 24 వేలలో ఇంటికి పంపేది ఏమీ ఉండదు. మీకు అప్పులుండి ఆ జీతం మీద ఆధారపడాల్సి వస్తే ఐటీకి పంపండి, అందులో తప్పేం లేదు, సిగ్గూ లేదు. అలా కాకపోతే రెండేళ్ళు ఓపిక పట్టండి. ఈలోగా ఎంటెక్ సీట్ల కోసం పెట్టే గేట్ పరీక్ష రాసి స్ట్రక్చరల్‌లో ఎంటెక్ చేస్తే పెద్ద ప్రాజెక్టుల వైపు దారి తేలికవుతుంది. మన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లోనే భూకంపాల ఇంజనీరింగ్ పరిశోధన కేంద్రం ఉంది, ఎంటెక్ కూడా ఉంది, ఆ వెబ్‌సైట్ ఒకసారి చూడమనండి.

జాయినింగ్ డేట్ 10వ తేదీ అన్నారు కదా, అంతకుముందే హెచ్‌ఆర్‌కి కాకుండా తనను ఇంటర్వ్యూ చేసిన ఇంజనీర్‌కి అమ్మాయినే ఫోన్ చెయ్యమనండి, మీరు చెయ్యకండి. నా లెక్కలు ఎవరు చూస్తారు సార్, నెలకి ఎన్నిసార్లు సైట్‌కి తీసుకెళ్తారు, సైట్‌కి రానుపోను బండి ఉంటుందా, అక్కడ ఆడవాళ్ళకి బాత్రూమ్ ఉంటుందా, ఇవి అడగాలి. చివరిది అడగడానికి మొహమాటపడొద్దని గట్టిగా చెప్పండి. లెక్కల సంగతికి ఆయన ఫలానా మేడమ్ చూస్తారమ్మా అని ఒక మనిషి పేరు చెప్తే వెంటనే టికెట్ బుక్ చెయ్యండి. మా దగ్గర ఎక్సెల్ షీటుందమ్మా, అందులో వేస్తే అదే వచ్చేస్తుంది అంటే మాత్రం నాకు ఇంకోసారి రాయండి, వేరే ఆఫీసు వెతుకుదాం.