బస్తా లెక్క తెలిసిన మనిషి ఇంట్లోనే ఉంది

ప్రశ్న: మాది పలాస. మా వారికి జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. రెండోది పెట్టి ఎగుమతుల్లోకి దిగాలని పట్టుదలగా ఉన్నారు. నేను బీకాం తర్వాత సీఎంఏ (ఉత్పత్తి ఖర్చుల లెక్కలు నేర్పే కోర్సు) ఇంటర్మీడియట్‌లో ఒక గ్రూపు పూర్తి చేశాను. 'ఇల్లు, బిల్లులు చూసుకో, ఇంకా పరీక్షలెందుకు' అంటారు అత్తయ్యగారు. ఆయన అవుననరు, కాదనరు. బ్యాంకు రుణానికి నన్ను హామీ సంతకం పెట్టమంటున్నారు. ఆయనకు తోడుగా ఉండాలంటే చదువు ఆపేయాలా?

జవాబు: ఆపవద్దమ్మా. మీ వారి కోసమైనా ఆపవద్దు.

80 కిలోల పిక్కల బస్తాకు ఎంత పప్పు దిగింది? అందులో విడిపోని గుండు ఎంత, విడిపోయిన బద్ద ఎంత? పొట్టు తీసిన కూలి కిలోకు ఎంత పడింది? ఇవి తేలకుండా రెండో ఫ్యాక్టరీ పెడితే, మొదటిదాంట్లో కనబడని నష్టం రెండుచోట్ల మొదలవుతుంది. మీరు చదువుతున్నది సరిగ్గా ఈ లెక్కే. జీతమిచ్చి వెతికి తెచ్చుకోవలసిన మనిషి ఇంట్లోనే ఉంటే, ఆమె చేత బిల్లులు ఫైల్లో గుచ్చించడం ఏం వ్యాపారం?

పన్ను సంగతి కూడా వినండి. భర్తకు పెద్ద వాటా ఉన్న సంస్థ భార్యకు జీతమిస్తే, మామూలుగా ఆ జీతాన్ని ఆయన ఆదాయంలోనే కలిపి పన్ను వేస్తారు. ఆమెకు వృత్తిపరమైన అర్హత ఉండి, ఆ పరిజ్ఞానంతో చేసిన పనికే జీతం తీసుకుంటే అలా కలపరు. కోర్సు పూర్తిచేయడానికి ఇంట్లో చెప్పదగిన కారణం ఇది.

పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో జరుగుతాయి. మన వైపు పిక్కల కొనుగోళ్లు మార్చి నుంచి మే దాకా ఊపిరి తీసుకోనివ్వవు కనుక జూన్ మరచిపోండి, డిసెంబరుకు రాయండి. ఇంటర్మీడియట్‌లో మిగిలింది నాలుగు పేపర్లే. తెల్లవారుజామున రెండు గంటలు మిమ్మల్ని ఎవరూ పిలవకూడదని అత్తయ్యగారికి ఆయన చేతే చెప్పించండి. మీరు చెబితే అది గొడవవుతుంది.

సంతకానికి మాత్రం తొందరపడకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, పత్రంలో వేరుగా రాసుకోకపోతే అప్పు తీసుకున్నవారికి ఎంత బాధ్యతో హామీ ఉన్నవారికీ అంతే. పుట్టింటివారు మీ పేర రాసిన స్థలమేదైనా ఉంటే దానికీ ముప్పు రావచ్చు. నకలు తెప్పించుకుని, మీ హామీకి పరిమితి ఉందో లేదో చూశాకే కలం పట్టండి. ఇది ఆయన మీద అపనమ్మకం కాదు, లెక్కలు చదివిన మనిషి చేయవలసిన పని.

1981లో ఇన్ఫోసిస్ మొదలుపెట్టడానికి సుధామూర్తి భర్తకు 10,000 రూపాయలు ఇచ్చారని పెద్దలు తరచూ చెబుతుంటారు. ఆమె అప్పటికే ఇంజనీరని, ఆ డబ్బు ఆమె దాచుకున్నదేనని చెప్పడం ఎందుకో మరచిపోతారు.

ఈ వారం ఒక్క బస్తా లెక్క మొదటి నుంచి చివరిదాకా కట్టండి. రాత్రి భోజనాలయ్యాక ఆ కాగితం ఆయన ముందు పెట్టండి. ఆ పూట చదువు మాట ఎత్తవద్దు.