‘అమ్మను కొట్టు’ అని నేర్పింది ఎవరు?

ఉత్తరం: మా బాబుకు రెండేళ్ల నాలుగు నెలలు. నేను గ్రామ సచివాలయంలో పనిచేస్తున్నాను. మావారికి విశాఖలో ఉద్యోగం. శనివారం రాత్రి వచ్చి సోమవారం వేకువ బస్సుకు వెళ్లిపోతారు. పగలంతా బాబును మా అత్తగారే చూసుకుంటారు. మూడు నాలుగు నెలలుగా వాడు అడిగింది ఇవ్వకపోతే నేల మీద పడి దొర్లుతున్నాడు, నన్ను కొడుతున్నాడు, కరుస్తున్నాడు. మిగిలినవాళ్ల జోలికి అంతగా పోడు. ఏడాది పిల్లవాడప్పుడు ‘అమ్మను కొట్టు’ అంటే కొట్టేవాడు, అందరం నవ్వుకునేవాళ్లం. మొన్న ఆదివారం ఫోను లాక్కున్నానని పళ్లు దిగేలా నా చెయ్యి కరిచాడు. మా అత్తగారు “మొగ గుంటడు, ఆ మాత్రం పౌరుషం ఉండదేటి” అన్నారు. మావారు “ఇచ్చెయ్ ఆ ఫోను, గోల దేనికి” అన్నారు. కోపం ఆపుకోలేక వాడికి రెండు తగిలించి, తరువాత నేనే ఏడ్చాను. ఇది హైపర్ యాక్టివ్ అనే జబ్బా? మందులున్నాయా? ప్లే స్కూల్లో వేస్తే మారతాడా?
– ఒక తల్లి, రాజాం ప్రాంతం

జవాబు: అమ్మా, మీరు అడిగినవాటికి ముందుగా జవాబు చెప్పి పక్కన పెడతాను. మీరు రాసినదాన్ని బట్టి మీ బాబుకు మందులతో పనిలేదు. నాలుగేళ్లు నిండని బిడ్డకు హైపర్ యాక్టివ్ అనే పేరు పెట్టడానికి వైద్యులే సాధారణంగా తొందరపడరు, మనకెందుకు ఆ తొందర? ఇంట్లో తల్లిని కొట్టే పిల్లవాడిని బడికి పంపితే, సాయంత్రం ఇంటికొచ్చి మళ్లీ తల్లినే కొడతాడు.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది వేరే చోట. వాడు మిగిలినవాళ్ల జోలికి పోడని, నన్నే కొడతాడని రాశారు. ఆ వెంటనే ‘అమ్మను కొట్టు’ అనే ఆట గురించి ఏదో పాత ముచ్చటలాగా రాసి దాటిపోయారు. ఆ రెండు మాటలకూ మధ్య ఉన్న సంబంధం మీకు తట్టలేదా, తట్టినా రాయడానికి మనసొప్పలేదా?

ముందు వయసు సంగతి. సుమారు ఏడాదిన్నర నుంచి మూడేళ్ల వరకు పిల్లలు ఇలా నేల మీద పడి దొర్లడం, విసిరికొట్టడం, అప్పుడప్పుడు చెయ్యి చేసుకోవడం అన్ని ఇళ్లలోనూ ఉన్నదే. ఈ వయసు బిడ్డకు మనం మాట్లాడేది చాలావరకు అర్థమవుతుంది కానీ, తనకు కావలసింది చెప్పడానికి రెండు మూడు పదాల ముక్కలు తప్ప నోట రావు. కోరిక మాత్రం పెద్దవాళ్ల కోరికంత గట్టిగా ఉంటుంది. ఆవేశాన్ని పట్టి ఆపే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటుతాయి. రెండేళ్లవాడిలో అది ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది. అందుకే ఆకలి వేసినా, మధ్యాహ్నం నిద్ర తప్పినా, సాయంత్రం ఇంటి నిండా చుట్టాలు చేరినా వాడికి కట్టలు తెగుతాయి. మామూలుగా అయితే ఆ గోల కొద్ది నిమిషాల్లో దానంతటదే చల్లారుతుంది. ఇంతవరకు ఎవరి తప్పూ లేదు.

కానీ కోపం వచ్చిన పిల్లవాడు ఎవరిని కొట్టాలో మాత్రం పుట్టుకతో తెలుసుకుని రాడు. బిడ్డ తడబడి పడితే నేలను కొట్టి ఊరడించడం, ద్వారబంధం తగిలితే దాన్ని తిట్టడం మన ఇళ్లలో ఉన్న అలవాటే. మా పెద్దవాడి విషయంలో నేనూ చేశాను, కాబట్టి మీ అత్తగారిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. అయితే ‘అమ్మను కొట్టు’ అన్నది వేరు. ఏడాది బిడ్డ చెయ్యెత్తి తల్లి చెంప మీద వేస్తాడు, చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వుతారు, ఎత్తుకుని ముద్దు పెట్టుకుంటారు. అలా పదిసార్లు జరిగితే వాడు నేర్చుకునేది ఒక్కటే: ఈ ఇంట్లో ఈ ఒక్క మనిషిని కొడితే అందరికీ సంతోషం. ఇప్పుడు వాడి చేతికి బలం వచ్చింది, నోట్లో పళ్లు వచ్చాయి. నేర్పిన పాఠాన్ని వాడు మరిచిపోలేదు, అంతే.

ఇక్కడ మీరు నన్ను అత్తగారి మీదికి తోలుతారేమో, నేను వెళ్లను. మోకాళ్ల నొప్పులు పడే వయసులో ఆవిడ రోజంతా మీ బిడ్డను మోస్తున్నారు కాబట్టే మీరు నిశ్చింతగా సచివాలయానికి వెళ్లగలుగుతున్నారు. వాడి చేతిలో ఫోను పెట్టిన అరగంటే బహుశా ఆవిడ నడుం వాల్చే అరగంట. ఆ సేవకు విలువ ఇవ్వడం కోడలిగా మీ ధర్మం, ఈ కాలంలో ఈ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు. ఆవిడ మాట్లాడిన ‘పౌరుషం’ ఆవిడ పెరిగిన కాలం నేర్పిన మాట.

నేను అడగదలచింది మీవారిని. భార్య చేతి మీద తన కొడుకు పళ్ల గాట్లు కనబడుతుంటే ఆయనకు తోచిన మాట “గోల దేనికి” అన్నదా? వారానికి ఒక్క రోజు ఇంట్లో ఉండే తండ్రి ఆ ఒక్క రోజూ ప్రశాంతంగా గడవాలనుకోవడం నాకు అర్థమవుతుంది. అయితే ఆయన ఆ ఒక్క మాటతో కొడుకుకు రెండు విషయాలు చెప్పారు: కరిస్తే ఫోను వస్తుంది, అమ్మకు నొప్పి కలిగినా నాన్న పట్టించుకోడు. ఇందులో రెండోది మీ బాబు పెద్దయ్యాక మీ కోడలికి వడ్డీతో సహా చెల్లిస్తాడు. మీరు కూడా ఆ క్షణంలో ఆయనకు చెయ్యి చూపించి నిలదీయకుండా, ఆ కోపాన్ని తీసుకువెళ్లి బిడ్డ వీపు మీద పెట్టారు. మీరు ఎందుకు ఏడ్చారో మీకూ తెలుసు.

కాబట్టి ఈ శనివారం రాత్రి బాబు నిద్రపోయాక మీవారితో కూర్చోండి. అత్తగారి మీద ఫిర్యాదుగా మొదలుపెట్టకండి. అలా మొదలైతే ఆయన కొడుకుగా మారిపోతారు, మాట అక్కడితో ముగుస్తుంది. ఈ ఇంట్లో బాబు ఎవరిని కొట్టినా ఎవరూ నవ్వకూడదని, నన్ను కొట్టినప్పుడు మీరే ముందు లేచి వాడి చెయ్యి పట్టుకోవాలని అడగండి. ఈ మాట వాళ్లమ్మకు చెప్పవలసింది కూడా ఆయనే. కోడలు చెబితే తగవుగా వినబడేది కొడుకు చెబితే ఇంటి పద్ధతిగా వినబడుతుంది.

ఇక బాబు చెయ్యెత్తినప్పుడు ఏం చేయాలంటే, వాడి ఎత్తుకు దిగి కూర్చుని రెండు చేతులనూ నొప్పి కలగకుండా పట్టుకోండి. “కొట్టనివ్వను” అని ఒక్క మాట, గొంతు పెంచకుండా చెప్పి ఊరుకోండి. ఏడుస్తున్న బిడ్డకు నీతికథ ఎక్కదు. తిరిగి కొట్టడం, నొప్పి తెలియాలని వాడిని కొరకడం అసలే వద్దు. ఇరుగుపొరుగు మాత్రం అలా చేయమనే సలహా తప్పక ఇస్తారు. చల్లారాక ఒళ్లోకి తీసుకుని “ఫోను కావాలని కోపం వచ్చింది కదూ” అంటే, వాడికి లేని పదాన్ని మీరు అందించినట్టు. కరిచిన తరువాత మాత్రం ఫోను చేతికి రాకూడదు. నాలుగుసార్లు కాదని అయిదోసారి విసిగి ఇచ్చేస్తే, అయిదుసార్లు కరవాలన్నమాట అని వాడు లెక్క కట్టుకుంటాడు. మానిపించిన మొదటి కొద్ది రోజులు గోల తగ్గకపోగా పెరుగుతుంది, బెదిరిపోకండి. రెండేళ్ల నుంచి నాలుగేళ్ల వరకు రోజుకు గంటకు మించి తెర చూపించవద్దని, తక్కువైతే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. అత్తగారి విశ్రాంతి కోసం ఆ గంటలో అరగంట ఆవిడకే వదిలేయండి, కానీ దానికి ఒక వేళ ఉండాలి.

దిష్టి తీయిస్తామని ఇంట్లో అంటే తీయనివ్వండి, ఉప్పూ మిరపకాయలకు అయ్యే ఖర్చెంత!

వైద్యునికి చూపించవలసిన సందర్భాలు వేరే ఉన్నాయి. రెండేళ్లు దాటినా రెండు పదాలు కలిపి మాట్లాడకపోవడం, వచ్చిన మాటలు పోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, తలను గోడకు కొట్టుకుని గాయపరచుకోవడం, అరగంట దాటినా ఆగని ఏడుపు రోజుకు చాలాసార్లు రావడం, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకండి. ఏడుస్తూ ఏడుస్తూ ఊపిరి బిగబట్టి నీలంగా మారే పిల్లల్లో కొందరికి రక్తంలో ఇనుము తక్కువ ఉంటుంది, దానికి పరీక్షా ఉంది, చికిత్సా ఉంది. మీ ఊరి అంగన్‌వాడీ కార్యకర్తను అడిగితే పిల్లల ఆరోగ్యాన్ని పరీక్షించే ప్రభుత్వ పథకమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందానికి చూపిస్తారు. అవసరమనుకుంటే వారే జిల్లా స్థాయి కేంద్రానికి పంపుతారు. మీ ఉత్తరంలో ఈ లక్షణాలేవీ నాకు కనబడలేదు కానీ, వాడు ఎన్ని మాటలు పలుకుతాడో మీరు రాయలేదు, ఒకసారి గమనించండి.

ప్లే స్కూలు సంగతి వచ్చే జూన్‌లో చూసుకోవచ్చు.