ట్రాక్టరు ముందు చక్రాలు తేలుతున్నాయా?

ప్రశ్న: ట్రాక్టరు వెనక తగిలించే రెండు చక్రాల ట్రక్కులో మిర్చి టిక్కీలు (బస్తాలు) వేసుకుని గుంటూరు యార్డుకు వెళ్తుంటాం. చేలోంచి రోడ్డెక్కే ఏటవాలు దగ్గర ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు పనిచేయడం లేదు. ముందు బరువు బిళ్లలు ఇంకో నాలుగు వేయిస్తే సరిపోతుందా?
– ఒక రైతు, ప్రత్తిపాడు

జవాబు: బిళ్లల సంగతి ఆఖర్న. ముందు టిక్కీల పేర్పు చూడండి. ఈ ట్రక్కుకు ఇరుసు ఒక్కటే కాబట్టి, దానికి ముందు వేసిన సరుకు బరువు కొంత ట్రాక్టరు హుక్కు మీద పడుతుంది. 40 కిలోల టిక్కీలు 60 వేస్తే 2,400 కిలోలు. హుక్కు నుంచి ఇరుసు దాకా 10 అడుగులు అనుకుందాం. సరుకు నడిమధ్య ఇరుసుకు అడుగు ముందుంటే హుక్కు మీద 240 కిలోలు, రెండడుగులు ముందుంటే 480. హుక్కు ట్రాక్టరు వెనక ఇరుసుకు రెండడుగులు వెనక ఉండి, ముందు వెనక ఇరుసుల మధ్య ఆరున్నర అడుగులుంటే, ఆ 480 వల్ల ముందు చక్రాల మీద దాదాపు 150 కిలోలు తగ్గిపోతాయి. ఇది కదలకుండా నిలబడ్డప్పటి లెక్క. ఏటవాలు ఎక్కుతూ లాగితే ఇంకా తగ్గుతుంది.

నిండు లోడు కన్నా ముప్పాతిక లోడుకే ఈ బాధ ఎక్కువ. ముందు డోరుకు ఆనించి పేర్చుకొస్తారు, సరుకు అయిపోయాక వెనక ఖాళీ మిగులుతుంది. అలా కాకుండా ఇరుసు మీద మొదలుపెట్టి అటూ ఇటూ పేర్చండి. మొగ్గు కొద్దిగా ముందుకే ఉండాలి. తాడు బిగించి కట్టండి.

ట్రక్కును ట్రాక్టరు వెనక పనిముట్లు ఎత్తే లిఫ్టు చేతుల మధ్య బారుకు తగిలించే అలవాటుంటే ఈరోజే మానేయండి. లాగే చోటు వెనక ఇరుసు కన్నా ఎత్తుకు పోతే ట్రాక్టరు వెనక్కి తిరగబడి డ్రైవరు ప్రాణం పోతుంది. కంపెనీ ఇచ్చిన గట్టి హుక్కుకే తగిలించండి.

తర్వాత కాటా దగ్గర ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి, లోడు ట్రక్కు తగిలించి ఉండగా తూయించండి. ఒట్టి ట్రాక్టరు బరువులో కనీసం అయిదో వంతు, అంటే 2,000 కిలోల బండికి 400, ముందు ఉండాలి. అప్పటికీ తక్కువైతేనే బిళ్లలు, అదీ కంపెనీ పుస్తకంలో ఉన్నన్నే. మించితే ముందు ఇరుసు బేరింగులు, టైర్లు దెబ్బతింటాయి. బరువు కోసం బానెట్ మీద మనిషిని కూర్చోబెట్టడం మాత్రం వద్దు.

ప్రశ్న: వరిగడ్డి లోడుతో విజయవాడ వైపు వస్తుంటే ట్రక్కు తోక ఊపుతోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, కంకిపాడు

జవాబు: ఇది పై సమస్యకు తిరగబడిన రూపం. గడ్డి వెనక్కి పొడుచుకొచ్చి, బరువు ఇరుసు వెనక్కి చేరి హుక్కును పైకి ఎత్తుతోంది. దాంతో ట్రాక్టరు వెనక టైర్ల పట్టు కూడా తగ్గుతుంది. వెనక వరసలు తీసి ముందుకు మార్చండి. ఊపు మొదలైతే గబుక్కున బ్రేకు తొక్కకుండా రేసు మెల్లగా తగ్గించండి. రోడ్డు మీద రెండు బ్రేకు పెడళ్లూ కలిపి లాకు వేసి ఉంచండి. హుక్కు పిన్ను పైకి తన్నుకొస్తుంది కాబట్టి దాని కింద లాకు పిన్ను లేకుండా బండి కదిలించొద్దు. పిన్ను రంధ్రం అరిగి కోలగా మారితే లోపల బుష్ (ఇనుప గొట్టం ముక్క) వేయించండి.